ఆటపెట్టెయా, పనిముట్టా?

ఇంటర్మీడియేటు ఫలితములు వెలువడిన పిమ్మట తెలుగువారి యిండ్లలో ప్రతియేట నొక వివాదము పొడసూపుచుండును. కుమారుడో కుమార్తెయో కంప్యూటరు కావలెనని కోరును. ల్యాపుటాపు చాలదా యని తండ్రి యడుగును. చాలదు, గ్రాఫిక్సు నేర్చుకొనవలెను, దానికి డెస్కుటాపే కావలెనని బిడ్డ చెప్పును. ధర విన్న తండ్రి గతుక్కుమనును. అంతలో ఇంటిలో మఱియొకరు, "గ్రాఫిక్సూ లేదు, పాడూ లేదు, రాత్రింబవళ్లు ఆటలాడుటకే" యని గుట్టు విప్పుదురు. అంతటితో మాట తెగిపోవును. లేదా తండ్రి మనసు కరగి, బజారునకు బోయి, వర్తకుడు చూపినదానికెల్ల తలయూపి, లక్ష రూపాయలకు తక్కువగాని సొమ్ము చెల్లించి, రంగురంగుల దీపములు మెఱయుచున్న గాజుపెట్టె నొకదానిని ఇంటికి దెచ్చును. ఈ రెంటిలో ఏది యెక్కువ నష్టమో చెప్పుట కష్టము.

తెనాలినుండి మా మిత్రులొకరు ఈ విషయముననే మాకు జాబు వ్రాసిరి. వారి కుమారుడు బ్లెండరు అను చిత్రణసాధనమును తండ్రిగారి పాత ల్యాపుటాపుమీద సాధన చేయుచున్నాడట. సాయంకాలము ఆటలును ఆడునట. "అన్నగారూ, నేను వీనికి కొనిపెట్టునది ఆటపెట్టెయా, పనిముట్టా? అదొక్కటి తేల్చి చెప్పుడు. ధర సంగతి పిమ్మట చూచుకొందును" అని వారి ప్రశ్న. ఇది వారొక్కరి ప్రశ్నగాదు గనుక ఇచ్చటనే ప్రత్యుత్తర మిచ్చుచున్నాము.

మొదట ఆటమాట. మన పెద్దలకు కంప్యూటరు ఆటయనగనే పందెము స్ఫురించుచున్నది. అందుకు కారణము లేకపోలేదు. చేతి ఫోనులలో డబ్బొడ్డి యాడు రమ్మీలవలనను, తత్సదృశములవలనను ఎన్ని కుటుంబములు గుల్లయైనవో అందఱెఱిగినదే. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైను ఆటల చట్టము డబ్బొడ్డి యాడు ఆటలను నిషేధించినది. ఆ చట్టమే ఇ-స్పోర్ట్సును, వినోదమునకై యాడు ఆటలను వేఱుపఱచి, వానిని ప్రోత్సహింపదగినవిగా నెంచినది. చట్టము చేసిన ఈ భేదమును ఇంటిలోని తండ్రియు చేయవలెను. తెనాలి కుఱ్ఱవాడు ఆడునది పందెము గాదు. కాలము వ్యర్థమగుచున్నదా యన్నది వేఱు ప్రశ్న. అది క్రికెట్టునకును వర్తించును, సినిమాకును వర్తించును.

ఇక రెండవ మాట. ఆటకును గ్రాఫిక్సు పనికిని ఇంత పెద్ద యంత్రమెందులకు? ఇది తెలిసిననేగాని కొనుగోలులో ఏ నిర్ణయమును సవ్యముగా చేయజాలము. తెరమీద కనిపించు ప్రతి బొమ్మయు లక్షలకొలది చుక్కలు. సామాన్యమైన తెరమీద 20,73,600 చుక్కలుండును. ఆటలో ఒక్క సెకనునకు 60 బొమ్మలు గీయవలసియున్నచో, ఒక్కొక్క బొమ్మకు లభించు వ్యవధి 16.7 మిల్లీసెకన్లు. ఆ లోపల ప్రతి చుక్కకును వెలుగెంత, నీడయెంత, రంగేమి యని లెక్కించి ముగింపవలెను. సినిమావానికి ఈ తొందర లేదు. సెకనునకు 24 బొమ్మలు చాలును. ఒక్కొక్క బొమ్మకు గంటలు పట్టినను అడుగువాడు లేడు. కాని వాడు లెక్కించు వెలుగు మఱింత సూక్ష్మమైనది. ఒకడు త్వరపడుచున్నాడు, ఒకడు నెమ్మదించుచున్నాడు. చేయు పని మాత్రము ఒక్కటే. ఆ పని చేయు అంగమును ఒక్కటే. దానినే మనము గ్రాఫిక్సు కార్డు అనుచున్నాము. ఒకేవిధమైన చిన్న లెక్కలను వేలకొలది ఒకేసారి చేయుటకు నిర్మించిన యంత్రమది.

ఈ రెండు పనులును ఎంత దగ్గఱివో చెప్పుటకు ఇటీవలి దృష్టాంత మొకటి కలదు. లాట్వియా అను చిన్న దేశమునుండి "ఫ్లో" అను చిత్రము వచ్చినది. అందులో మాటలు లేవు. ఒక పిల్లియు వరదయు ప్రధానము. అది 2025 మార్చిలో ఉత్తమ యానిమేషను చిత్రముగా ఆస్కారు బహుమానమును గెలిచినది. దాని దర్శకుడు గింట్స్ జిల్బలోడిస్. ఆ చిత్రమును సాధించిన సాధనము బ్లెండరు. అందులోని ఈవీ అను పద్ధతి ఆటలలో బొమ్మలను గీయు పద్ధతికి సోదరప్రాయమైనది. హాలీవుడ్డు కొలువులలో వలె వందల యంత్రముల బారు లేకుండగనే, తుదిచిత్రణము దర్శకుని కంప్యూటరుపై సాగినది. ఆ బ్లెండరైనను ఊరకే వచ్చినది గాదు. దానిని నిర్మించిన సంస్థ మూతపడగా, 2002లో టోన్ రోజెండాల్ ప్రజలనుండి లక్ష యూరోలు చందాగా సేకరించి, అప్పులవారినుండి విడిపించి, లోకమునకు ఉచితముగా నిచ్చెను. తెనాలి పిల్లవాడు రూపాయి చెల్లింపక నేర్చుకొనుచున్నది దానినే. కావున మా మిత్రుని ప్రశ్నకు మా సమాధానము ఇది: ఆ రెండును ఒకటే పెట్టె. వేఱుచేయవలెనని తలచినను వేఱుకావు. పనికి చక్కగా నుపకరించునది ఆటకును ఉపకరించును. ఆటకు చక్కగా నుపకరించునది పనికి చాలకపోవచ్చును. ఆ చాలకపోవుట యెచ్చటనో చూపుటయే ఇక మా పని.

బజారులో జరుగు మొదటి మోసము పేరునుండి పుట్టుచున్నది. సికింద్రాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడు సెంటరునందు ఒక సాయంకాలము నిలువబడి వినిన యెడల, "ఐ-సెవెన్ సార్, ఐ-సెవెన్" అను మాట కోవెలలో మంత్రమువలె వినబడును. ఎన్నవ తరమని యడుగువాడు పదిమందిలో ఒకడైన నుండునో లేడో! 2011 నాటి ఐ-7 2600ను, 2022లో వచ్చిన ఐ-3 12100ను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో, రెంటికిని నాలుగేసి కోర్లే. చిన్న పేరుగలదే అన్నివిధముల మిన్న. గోత్రము గొప్పదైనంతమాత్రమున పిల్లవాడు చదువరి యగునా? పాత కచేరీలలో వాడి పాఱవైచిన యంత్రములకు తుడుపు పెట్టి, క్రొత్త గాజుపెట్టెలో బిగించి, "గేమింగు పీసీ" యను పేరుతో విక్రయించుట నేడు సర్వసాధారణము. వానిలో ఏడవ తరమువఱకు గల ఇంటెల్ ప్రాసెసర్లు, బహు స్వల్పమైన మినహాయింపులు దక్క, విండోసు 11 నకు అర్హములు గావు. విండోసు 10 నకు మైక్రోసాఫ్టువారి సామాన్య మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. కొన్ననాడే కాలము చెల్లిన సరకును కొనుచున్నామని తండ్రికి తెలియదు. చెప్పవలసిన వర్తకుడు చెప్పడు.

క్రొత్తవానియందును జాగ్రత్త వలయును. ఇంటెల్ 13, 14 తరముల డెస్కుటాపు ప్రాసెసర్లలో పెద్దవి వోల్టేజి దోషమువలన క్రమక్రమముగా చెడిపోవుచుండుట 2024లో బయటపడినది. సంస్థవారు దోషమంగీకరించి, ఆగస్టులో దిద్దుబాటు విడుదలచేసి, వారంటీని రెండేండ్లు పొడిగించిరి. అంతకు ముందటి సంవత్సరము ఎ.ఎం.డి. వారి 7000 ఎక్స్‌3డి ప్రాసెసర్లు కొన్ని వోల్టేజి హెచ్చి మాడినవి. వారును బయాసును దిద్దిరి. ఇద్దఱిలో ఎవ్వరును అగ్నిపునీతులు గారు. ఐనను నేడు క్రొత్తగా కొనువానికి మేము ఎ.ఎం.డి. వారి ఎ.ఎం.5 సాకెట్టునే సూచింతుము. అందులకు కారణము వేగముగాదు. వారి పూర్వపు ఎ.ఎం.4 సాకెట్టులో 2017 నాటి బోర్డు కొనినవారిలో పెక్కుమంది, బోర్డు మార్చకయే, 2022లో వచ్చిన ప్రాసెసరును బిగించుకొనగలిగిరి. ఎ.ఎం.5 నకు 2027వఱకైనను క్రొత్త ప్రాసెసర్లు వచ్చునని సంస్థవారు మాట యిచ్చియున్నారు. సంసారి ఒక్కసారి పెట్టిన సొమ్ము రెండుమార్లు పనిచేయవలెను గదా!

ఆటలకు మిక్కిలి పేరుగాంచిన 9800 ఎక్స్‌3డి అను ప్రాసెసరు 2024 నవంబరులో వచ్చినది. ఎనిమిది కోర్లు, 96 మెగాబైట్ల మూడవ అంతరపు క్యాషు. ఆటల కది నిజముగా మేటి. కాని బ్లెండరు పని ప్రధానముగా గ్రాఫిక్సు కార్డుమీద సాగునది. ప్రాసెసరునకై అదనముగ నిచ్చు ఆ సొమ్మును కార్డునకు మరల్చినచో పనియు బాగుపడును, ఆటయు బాగుపడును. 9600ఎక్స్ ఆరు కోర్లది, 9700ఎక్స్ ఎనిమిది కోర్లది. విద్యార్థి కీ రెంటిలో ఏదైనను చాలును.

అసలైన చిక్కు గ్రాఫిక్సు కార్డుతో. ఇచ్చట మోసము చేయువాడు చెనాయ్ ట్రేడు సెంటరులోని వర్తకుడు గాడు. సముద్రముల కావలనున్న మహాసంస్థలే. 2022 సెప్టెంబరులో ఎన్‌విడియా వారు ఆర్‌టిఎక్స్ 4080 అను ఒకే పేరుతో రెండు కార్డులను ప్రకటించిరి. ఒకదానిలో 16 గిగాబైట్ల మెమరీ, రెండవదానిలో 12. భేదము మెమరీలో మాత్రమే యని తలచుట సహజము. కాని లోపలి చిప్పే వేఱు! లోకము గగ్గోలుపెట్టగా అక్టోబరులో చిన్నదానిని ఉపసంహరించుకొని, తరువాత 2023 జనవరిలో 4070 టిఐ యని నామకరణము చేసి నూఱు డాలర్లు తగ్గించి యమ్మిరి. గగ్గోలు పెట్టినందులకు ఫలితము నూఱు డాలర్లన్నమాట! 2025 జనవరిలో లాస్ వేగాసునందు ఆ సంస్థాధిపతి జెన్సెన్ హువాంగ్, 549 డాలర్ల 5070 కార్డు 1,599 డాలర్ల 4090తో సమానమని సభలో ప్రకటించెను. చప్పట్లు మ్రోగినవి. ఆ సమత్వమెట్టిది? యంత్రము నిజముగా గీసిన ఒక బొమ్మకును మఱియొక బొమ్మకును నడుమ, కృత్రిమమేధ ఊహించి కల్పించిన మూడు బొమ్మలను జొప్పించి, లెక్కలో వానినిగూడ చేర్చినప్పటి సమత్వము! ఆటలో ఈ కల్పితచిత్రములు కొంత నునుపు నిచ్చుట నిజమే. బ్లెండరులో ఒక దృశ్యమును చిత్రించునప్పుడు అవి యొక్కటియు అక్కఱకు రావు. అచ్చట 4090 యందలి 24 గిగాబైట్లు 24. 5070 యందలి 12 గిగాబైట్లు 12. అరువు నగలతో పెండ్లి నడుపవచ్చును, కాపురము నడుపలేము.

ఆట చాలి పని చాలని చోటు ఈ మెమరీయే. ఆటను నిర్మించువాడు కొనువారి కార్డు పరిమాణము నెఱిగి దృశ్యమును కుదించి యిచ్చును. చాలకున్నచో బొమ్మల నాణ్యమును ఒక మెట్టు తగ్గించుకొని ఆడుకొనవచ్చును. గ్రాఫిక్సు పనిచేయువాడు అట్లుగాదు. వాడు కోటగోడకు నాలుగువేల చుక్కల వెడల్పుగల రాతిబొమ్మ నంటించును. ఎదుట చెట్లు నాటించును. చెట్టునకు ఆకులు తొడిగించును. ఇవన్నియు కార్డు మెమరీలో ఇమిడిననే వేగము. ఇమడనిచో పని కుంటువడును. లేదా మెమరీ చాలలేదని యంత్రము చేతులెత్తివేయును. అప్పుడు పిల్లవాడు తన దృశ్యమును చిన్నది చేసికొనవలెను. ఏడాదియంతయు చిన్న దృశ్యములే చేయువాడు చిన్నవానికే అలవాటుపడును. మేము ఇంత వివరముగా వ్రాయుట ఇందులకే: యంత్రపుకొఱత నేర్చువాని ఊహకు కొఱతగా పరిణమించుచున్నది.

2025 ఏప్రిలులో వచ్చిన 5060 టిఐ కార్డు రెండు రూపములలో లభించును: 8 గిగాబైట్లు, 16 గిగాబైట్లు. పేరొక్కటే, పెట్టె యొక్కటే, మూలన చిన్న అంకె వేఱు. ఎ.ఎం.డి. వారును అదే యేట జూనులో 9060 ఎక్స్‌టి విషయమున అదే పని చేసిరి. "5060 టిఐ ఉన్నదా?" యని యడిగినవానికి వర్తకుడు 8 గిగాబైట్లదానినే చేతబెట్టును, అది తక్కువ ధరకు కనబడును గనుక బేరము త్వరగా తెగును. పాఠకులారా, అంకె చదువుడు! ప్రాసెసరులో ఒక మెట్టు తగ్గుడు, క్యాబినెట్టులో దీపములు మానుడు. 16 మాత్రము వదలకుడు.

ఎన్‌విడియాయా, ఎ.ఎం.డి.యా? మాకు ఎన్‌విడియా వారి యేకచ్ఛత్రాధిపత్యముపై ప్రీతిలేదు. 2007నుండి వారు కూడా యను తమ లెక్కింపు విధానమును పాతుకొనునట్లు చేసి, చిత్రణసాధనములను తమ కార్డులకు అలవాటుపఱచిరి. తత్ఫలితముగా నేడు బ్లెండరులో ఎ.ఎం.డి. కార్డు పనిచేయునుగాని, సమానమైన ధరకు ఎన్‌విడియా కార్డు ఆప్టిక్స్ అను మార్గముద్వారా ముందుండును. ఇతర సాధనములు కొన్ని కూడా లేనిదే కదలవు. కేవలము ఆటలకైనచో ఎ.ఎం.డి. వారి 16 గిగాబైట్ల 9060 ఎక్స్‌టి మంచి బేరము. పనియు కలిసినప్పుడు, ఇష్టము లేకున్నను, ఎన్‌విడియా వైపే మొగ్గవలసి వచ్చుచున్నది. జీవనోపాధికై నేర్చుకొను పిల్లవానిని మన సిద్ధాంతమునకు బలియిచ్చుట న్యాయముగాదు.

స్వదేశిమాట యెవరైన అడుగుదురేమో. ఎ.ఎం.డి. యందును ఎన్‌విడియా యందును హైదరాబాదు, బెంగుళూరు కార్యాలయములలో మన యింజనీర్లు వేలకొలది పనిచేయుచున్నారు. ఐనను ఈ చిప్పులను పోతపోయునది తైవాను దేశపు టి.ఎస్.ఎం.సి. సంస్థ. ఎక్కడ కొనినను కథ యిదియే గనుక, కొనువాడు ఇందు ఎంచుకొనదగినదేమియు లేదు.

ర్యామ్ సంగతి ఇప్పుడు శోచనీయముగా నున్నది. 2025 చివరి మాసములలో దాని ధరలు రెట్టింపును దాటి పోయినవి. కృత్రిమమేధకై నిర్మించు మహాయంత్రశాలలు లోకమందలి మెమరీనెల్ల త్రాగివేయుచుండుటయే కారణము. మైక్రాన్ సంస్థ, సామాన్యులకు క్రూషియల్ అను పేరుతో అమ్ముచున్న తన వ్యాపారమునే మానుకొనుచున్నట్లు ఆ డిసెంబరులో ప్రకటించినది. పెద్ద గిరాకి దొరకినప్పుడు చిల్లరగిరాకి ముఖము చూచు వర్తకుడెవడు? గ్రాఫిక్సు పనికి 32 గిగాబైట్లు కావలెను. మామూలు రోజులలో 16 గిగాబైట్ల బిళ్లలు రెండు జతగా కొనుడని చెప్పియుందుము. జతగా నున్నప్పుడే ప్రాసెసరునకు రెండు దారులు తెఱచికొని వేగము వచ్చును. ధర భరింపరానిదైనచో, ప్రస్తుతమునకు 16 గిగాబైట్ల బిళ్ల నొకదానిని మాత్రమే కొని, అదే రకమైన రెండవదానికి చోటు విడిచియుంచుడు. అంతవఱకు వేగము కొంత తగ్గును, పని యాగదు. 8 గిగాబైట్ల బిళ్లలు రెండు కొని తరువాత పాఱవేయుటకంటె ఇది మేలు. కార్డులోని మెమరీకి ఈ సౌకర్యము లేదు: అది కొన్ననాడు ఎంతయో, పోవునాడును అంతయే.

ఇక మన వర్తకులును మన కొనుగోలుదారులును సమానముగా ఉపేక్షించు వస్తువు ఎస్.ఎం.పి.ఎస్. గోడనుండి వచ్చు కరెంటును యంత్రమునకు తగినట్లు మార్చి యిచ్చు డబ్బా యది. కంటికి కనబడదు, మెఱయదు, పేరు చెప్పుకొనుటకు పనికిరాదు. కొన్నియేండ్ల క్రిందట మేము మా యింటికొక యంత్రమును కూర్పించుకొంటిమి. ప్రాసెసరు మొదలైనవానినెల్ల పేరుపేరున విచారించితిమి, ఎస్.ఎం.పి.ఎస్. ఊసే యెత్తలేదు. వర్తకుడు క్యాబినెట్టుతో "ఉచితముగా" వచ్చినదానినే బిగించెను. మేము సంతోషించితిమి! రెండవ వేసవిలో, ఒక మధ్యాహ్నము, కరెంటు పోయి వచ్చినంతనే చిటపటమను చప్పుడును, కాలిన వాసనయును వచ్చినవి. అది తాను పోవుచు మదర్‌బోర్డునుగూడ వెంటదీసికొని పోయెను. ఉచితముగ వచ్చినదాని ఖరీదు అప్పుడు తెలిసినది. వర్తకుని నిందింపబోయితిమిగాని, బిల్లులో ఆ వస్తువు పేరే లేదు.

మన దేశపు ఎండలును మన కరెంటును పరదేశపు పుస్తకములలో ఉండవు. వారు 20 డిగ్రీల గదిలో పరీక్షించి చెప్పిన మాటను మనము మే నెలలో విజయవాడ మేడగదిలో అమలుపఱుపజూచుచున్నాము. ప్రాసెసరు 95 డిగ్రీలకు చేరినచో తన్ను దాను కాపాడుకొనుటకై వేగము తగ్గించుకొనును. గదిలో గాలియే 40 డిగ్రీలున్నప్పుడు ఆ హద్దు ఎంత దూరము? ముందువైపంతయు గాజుపలకతో మూసియున్న క్యాబినెట్టు చూచుటకు అద్దాలమేడ, లోనున్న యంత్రమునకు ఆవిరికుండ. ముందువైపు జాలిగలదానిని కొనుడు. దుమ్ము పట్టును, నెలకొకమారు తుడుచుకొనుడు. 5060 టిఐ కార్డు 180 వాట్లు తీసికొనును. ప్రాసెసరును మిగిలినవానిని కలిపినను మంచి సంస్థవారి 650 వాట్ల ఎస్.ఎం.పి.ఎస్. పుష్కలము, 80 ప్లస్ ముద్ర యున్నదో లేదో చూడుడు. ఆ ముద్ర విద్యుత్తు వృథాకాకుండుటను మాత్రమే చెప్పును గనుక సంస్థ పేరును, వారంటీ యేండ్లనుగూడ విచారింపుడు. పాత 600 వి.ఎ. యూ.పీ.ఎస్. సామాన్యముగా 360 వాట్లు మాత్రమే మోయును. ఆట మధ్యలో కరెంటు పోయినచో యూ.పీ.ఎస్. కీచుమని యొక్కసారి యఱచి, అదియును కూలబడును. 1000 వి.ఎ. కు తక్కువ కొనకుడు. పెట్టెను ముట్టుకొన్నప్పుడు వ్రేళ్లకు జివ్వుమన్నచో అది యంత్రదోషము గాకపోవచ్చును. ఇంటి ఎర్తింగు సరిగా లేదన్నమాట. ఎలక్ట్రీషియనును పిలిపింపుడు. ఆ ఖర్చు కంప్యూటరు లెక్కలో చేర్చువాడు మాకింతవఱకు కనబడలేదు.

మానిటరు విషయమున మన పిసినారితనమునకు మేఱలేదు. లక్షయంతయు పెట్టెపై పోసి, పాత తెరను తగిలించుకొనువారు కలరు. పిల్లవాడు దినమునకు ఎనిమిదిగంటలు చూచునది పెట్టెను గాదు, తెరను. గ్రాఫిక్సు నేర్చువానికి రంగు తప్పుగా చూపు తెర, అపస్వరము పలుకు తంబురవంటిది. తాను దిద్దిన యెఱుపు ఇతరుల తెరపై మఱియొక యెఱుపగును. ఐ.పి.ఎస్. రకమును, 1996నుండి వాడుకలోనున్న ఎస్‌.ఆర్‌.జి.బి. రంగుల పరిధి నంతను చూపగలదియును నగు 27 అంగుళముల తెర, 2560 చుక్కల వెడల్పు, 1440 ఎత్తుగలది, నేటి కొలతలలో సంసారపక్షమైనది. దాని చుక్కలు 36,86,400. నాలుగు-కె తెరకు 82,94,400 చుక్కలు. మనము చెప్పిన కార్డు ఆటలలో అంత బరువు మోయజాలదు.

ఇచ్చట ఒక చిన్న ముచ్చట. మాకు తెలిసిన యింట ఒక కుఱ్ఱవాడు క్రొత్త కార్డు కొని ఆఱుమాసములు ఆడి, "పాతదానికిని దీనికిని భేదమేమియు లేదు" అని నిట్టూర్చుచుండెను. చూడగా, మానిటరు తీగను కార్డునకు గాక మదర్‌బోర్డు రంధ్రమునకు తగిలించియున్నాడు! ఆఱునెలలు ఆ కార్డు పెట్టెలో పడి నిదురించినది. మఱియొకడు సెకనునకు 144 మార్లు మారు తెరను కొని, విండోసు అమరికలలో 60 వద్దనే విడిచిపెట్టెను. అంగట్లో అన్నియు నున్నవి, అల్లుని నోట శని!

బిల్లు మాట చెప్పి ముగింతుము. కంప్యూటరుపై జి.ఎస్.టి. నూటికి 18 రూపాయలు. "బిల్లు వలదన్నచో కొంత తగ్గించెద" నని వర్తకుడు చెవిలో చెప్పును. వలదు. కార్డునకు మూడేండ్ల వారంటీ యున్నదనుకొందము. రెండవ యేట అది మొరాయించినచో మన చేతనుండవలసినది ఆ కాగితమే. అందులో ప్రతి భాగముయొక్క పేరు, నమూనా సంఖ్య, సీరియలు నంబరు విడివిడిగా వ్రాయించుకొనవలెను. "ఒక కంప్యూటరు సెట్టు" అని ఒక్క పంక్తిలో వ్రాసిన బిల్లు మా ఎస్.ఎం.పి.ఎస్. కథవంటి కథలకే మూలము.

మా తెనాలి మిత్రునకు ఈ వివరములనే పట్టికగా వ్రాసి పంపితిమి. సొమ్ము చాలనిచో మొదట దీపములును గాజును, తరువాత ప్రాసెసరు మెట్టు, ఆ తరువాత రెండవ ర్యామ్ బిళ్ల, ఈ వరుసన తగ్గించుకొనుమనియు, కార్డులోని 16ను, ఎస్.ఎం.పి.ఎస్.ను, తెరను ముట్టవలదనియు సూచించితిమి. ప్రత్యుత్తరము వచ్చినది. కుమారుడు దీపములు వదలుకొనుటకు ఒప్పుకొన్నాడట, కొంచెము చిన్నబోయి. తండ్రి తెరకు ఒప్పుకొన్నారట, కొంచెము గొణుగుకొని. రెండవ ర్యామ్ బిళ్ల సంక్రాంతికి వాయిదా పడినది. ఎలక్ట్రీషియను వచ్చి చూడగా ఆ గదిలోని మూడుపిన్నుల సాకెట్టునకు ఎర్తు తీగయే లేదట. అది వేయించిన తరువాత ఆదివారమునాడు తండ్రీకొడుకులిద్దఱును సికింద్రాబాదునకు బయలుదేఱనున్నారు.